చేతిలో యంత్రం, చుట్టూ సరంజామా

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనుదీయరాదని మన పెద్దలు అంటారు. ఈనాడు ఇంటింటా వెలసిన చేతి ఫోనుకు ఈ మాట చక్కగా వర్తిస్తుంది. ఫోను కొనడంతో వ్యవహారం ముగియదు. దానికి ప్రాణం పోసే పవర్ బ్యాంకు, పాట వినిపించే ఇయర్‌ఫోను, వేలిముద్ర తీసే పెట్టె, రశీదు ముద్రించే యంత్రం, వీటన్నిటినీ కలిపే తీగలు ఒకటొకటిగా వెంట వస్తాయి. అరచేతిలో ఇమిడే యంత్రం కోసం ఒక సంచి మోయవలసి వస్తున్నది. ఇది కేవలం వింతగా చెప్పుకొని నవ్వుకోవలసిన విషయం కాదు. రామగుండం, గోదావరిఖని ప్రాంతాలలో ఎందరో వృద్ధుల నెలసరి రాబడి ఇటువంటి ఒక చిన్న పెట్టె మీద ఆధారపడి ఉన్నది. అందుచేత ఈ సరంజామా ఎందుకు పుట్టింది, ఎందుకు ఇంత లావుగా ఉంటుంది, ఎప్పుడు మాయమవుతుంది అనే మూడు ప్రశ్నలను కొంత విచారించడం ఉచితం.

ముందు మాట స్పష్టం చేసుకుందాం. ఫోనుకు తొడిగే తొడుగు అలంకారం. కింద పడితే పగలకుండా కాపాడుతుంది, అంతే. మనం చెప్పుకొనేది అది కాదు. యంత్రానికి పుట్టుకతో లేని శక్తిని బయటినుంచి తెచ్చిపెట్టే ఉపకరణం మన విషయం. దానిని అనుబంధ పరికరం అందాం.

అనుబంధ పరికరం అంటే ఏమిటో బొగ్గుబాయి ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. సింగరేణి గనులలో పనిచేసిన పాతతరం కార్మికులు నెత్తిన టోపీకి దీపం, నడుముకు దాని బ్యాటరీ, రెంటినీ కలుపుతూ వీపు మీదుగా ఒక లావుపాటి తీగ ధరించి బాయిలోకి దిగేవారు. దీపం బరువు ఏపాటిది? బరువంతా బ్యాటరీదే. సీసము, ఆమ్లము నిండిన ఆ డబ్బా రెండు కిలోలకు పైగా తూగేది. పని గంటలన్నీ అది నడుమును అంటిపెట్టుకొని ఉండవలసిందే. అమెరికాలో ఎడిసన్ 1914లో గనికార్మికుల కోసం ఇటువంటి విద్యుద్దీపాన్ని రూపొందించిన నాటినుంచి చాలా దశాబ్దాలు ఈ అమరికలో మార్పు రాలేదు. లిథియం బ్యాటరీ, ఎల్.ఇ.డి. దీపం వచ్చిన తరువాతనే తీగ లేని దీపం సాధ్యమయింది. ఇప్పటి తీగలేని దీపం బ్యాటరీతో కలిపి కొన్ని వందల గ్రాములకు మించదు. నడుము మీది బరువు నెత్తిమీది దీపంలోనే కలిసిపోయింది. అనుబంధ పరికరాల చరిత్ర అంతా క్లుప్తంగా ఇదే: మొదట బయట వేలాడుతుంది, తరువాత లోపలికి పోతుంది.

అయితే అన్నీ లోపలికి పోవు. ఏది పోతుంది, ఏది పోదు అని నిర్ణయించే కారణాలు నాలుగు ఉన్నాయి. మొదటిది శక్తి. ఎంత విద్యుత్తు నిలువ ఉండవలెనో అంత పదార్థం ఉండక తప్పదు. రెండవది మనిషి శరీరం. వేలి కొన ఇంత, అరచేయి ఇంత అని ప్రకృతి కొలతలు పెట్టింది. వేళ్ళతో కొట్టే మీటల పలకను వేళ్ళకంటె చిన్నది చేయలేము. మూడవది కాగితం. రశీదు చేతికి రావలెనంటే కాగితపు చుట్ట ఉండాలి, దానిని కదిలించే ఇరుసు ఉండాలి. నాలుగవది నమ్మకం. డబ్బు ముట్టే పనికి ఉపయోగించే పరికరాన్ని ప్రభుత్వం పరీక్షించి ముద్ర వేయాలి. అందరి జేబులలో ఉన్న నానావిధాల ఫోనులను అట్లా పరీక్షించడం కష్టం. గణించే పని, గుర్తుంచుకొనే పని ఏటేటా సూక్ష్మమవుతున్నవి గాని, ఈ నాలుగూ అంత సులభంగా కుదించుకుపోవు.

చేతి కంప్యూటరు చరిత్ర ఈ సూత్రానికి మంచి ఉదాహరణ. ఇంగ్లాండులో సయాన్ అనే సంస్థ 1984లో ఆర్గనైజర్ అనే చేతి యంత్రాన్ని విడుదల చేసింది. రెండు సంవత్సరాలకు వచ్చిన దాని రెండవ రూపానికి తలభాగాన ఒక రంధ్రం ఉండేది. అందులో సరుకుల మీది గీతలను చదివే పరికరాన్నో, ముద్రణ యంత్రాన్నో తగిలించుకొనేవారు. 1999లో అమెరికాలో హ్యాండ్‌స్ప్రింగ్ సంస్థ వైజర్ అనే యంత్రం వెనుక ఒక అర అమర్చింది. ఆ అరలో ఇటుక ముక్కవంటి పరికరం దూర్చితే యంత్రం కెమెరాగా మారేది. వేరొకటి దూర్చితే టెలిఫోను అయ్యేది. మరొకటి దూర్చితే ఉపగ్రహాల సాయంతో దారి చూపేది. 2000లో వచ్చిన కాంపాక్ సంస్థ ఐప్యాక్ యంత్రానికి ఏకంగా కోటు తొడిగినట్లు ఒక పెద్ద తొడుగు ఉండేది. అందులో అదనపు కార్డులకు చోటు, కొన్నిటిలో అదనపు బ్యాటరీ కూడా ఉండేవి. కోటు తొడిగిన తరువాత ఐప్యాక్ చొక్కా జేబులో పట్టేది కాదు. ఇప్పుడు ఆ కెమెరా, ఆ టెలిఫోను, ఆ దారి చూపే పరికరం అన్నీ సామాన్యమైన ఫోను కడుపులోనే ఉన్నాయి. వాటిని అమ్మిన అరలు, కోటులు కనుమరుగైనాయి.

మన దేశంలోనూ ఒక గొప్ప ప్రయత్నం జరిగింది. బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, అక్కడి ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటరును రూపొందించారు. 2001లో దాని నమూనాను ప్రజలకు చూపారు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ద్వారా అది అంగడికి వచ్చింది. పేదవాడు కంప్యూటరు కొనలేడు గాని, చిన్న కార్డు ఒకటి జేబులో పెట్టుకోగలడు. ఊరికి ఒక యంత్రం ఉంటే ఎవరి కార్డు వారు దూర్చి ఎవరి పని వారు చేసుకోవచ్చు అని వారి ఆలోచన. ఇక్కడ అనుబంధం యంత్రానికి కాదు, మనిషికి చెందినది. యంత్రం ఊరిది, కార్డు మనది. సింప్యూటర్ వ్యాపారంలో నిలువలేదు గాని, ఈ ఆలోచన మాత్రం వృథా పోలేదు.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో స్మార్ట్‌కార్డు పథకాన్ని ప్రారంభించింది. ఉపాధిహామీ కూలి, సామాజిక పింఛను గ్రామంలోనే వేలిముద్ర ఆధారంగా చెల్లించడం దాని ఉద్దేశం. గ్రామంలో చెల్లించే వ్యక్తి దగ్గర కార్డు చదివే చేతి యంత్రం ఉండేది. కొన్నిచోట్ల ఒక మొబైల్ ఫోను, దానికి తోడు వేలిముద్ర తీసే పరికరం, రశీదు ముద్రించే చిన్న యంత్రం – మూడూ కలిసి ఒక బ్యాంకు శాఖ చేయవలసిన పనిని చేసేవి. చూడడానికి అతుకుల బొంతవలె ఉన్నా, దాని ఫలితం తక్కువది కాదు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు 157 మండలాలలో, 1 కోటి 90 లక్షల జనాభాను ఆవరించిన ప్రాంతంలో ఈ పథకాన్ని పరిశీలించి 2016లో తమ ఫలితాలను ప్రకటించారు. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న నాటి ఆదిలాబాదు జిల్లా కూడా ఆ పరిశీలనలో ఉన్నది. ఉపాధిహామీ కూలి తెచ్చుకోవడానికి పట్టే కాలం ఒక్కొక్క మారు సగటున 22 నిమిషాలు తగ్గిందని, మధ్యలో దారిమళ్ళే సొమ్ము సుమారు 41 శాతం తగ్గిందని వారు తేల్చారు. చెల్లింపులలో సుమారు సగం మాత్రమే కొత్త పద్ధతికి మారినప్పటి మాట ఇది. పెట్టె లావుగా ఉన్నదని దానిని తీసిపారవేయరాదని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇప్పుడు ఈ పరికరాలు ఫోనుకు ఎట్లా అతుకుతున్నాయో చూద్దాం. ఫోనును కంప్యూటరుకు తగిలించినప్పుడు కంప్యూటరు ఆతిథేయి, ఫోను అతిథి. ఆతిథేయి అడుగుతుంది, అతిథి సమాధానమిస్తుంది. అతిథికి విద్యుత్తు వడ్డించేది కూడా ఆతిథేయే. 2001లో ఏర్పడిన ఓ.టి.జి. అనే నియమావళి ప్రకారం ఫోను కూడా అవసరమైనప్పుడు ఆతిథేయి కావచ్చు. అప్పుడు వేలిముద్ర పరికరం అతిథిగా వచ్చి ఫోనుకు తగులుకుంటుంది. అయితే గృహస్థు బాధ్యతలు కూడా ఫోను మీద పడతాయి. ఆ పరికరం వెలుగును వెదజల్లడానికి కావలసిన విద్యుత్తు ఫోను బ్యాటరీ నుంచే పోతుంది. బ్యాటరీ సన్నగిల్లిన ఫోనుకు ఈ పరికరం తగిలిస్తే అది తరచు పనిచేయకుండా మొరాయించడానికి ఇదొక కారణం. తప్పు ముసలివాని వేలిది కాదు, ఆకలిగొన్న ఆతిథేయిది.

పాఠకులలో చాలామందికి ఒక సందేహం కలగవచ్చు. ఫోనులోనే వేలిముద్రతో తెరుచుకొనే తాళం ఉన్నది గదా, వేరే పెట్టె ఎందుకు? ఈ రెండింటి పని వేరు. ఫోనులోని ముద్ర ఆ ఫోను యజమానిని గుర్తుపట్టడానికి మాత్రమే. ఆ ముద్ర ఫోనులోని ఒక రహస్యమైన అరలో దాగి ఉంటుంది. దానిని ఎవరు అడిగినా బయటికి ఇవ్వదు. ఇల్లు దాటి పోని కావలివాడు అది. పింఛను యంత్రం చేయవలసిన పని అది కాదు. ఎదుట నిలిచిన మనిషి ముద్రను అప్పటికప్పుడు తీసి, రహస్యలిపిలోకి మార్చి, దూరాన ఉన్న ఆధార్ భాండాగారంలోని ముద్రతో పోల్చడానికి పంపవలెను. దారిలో ఎవరూ దానిని దొంగిలించి మళ్ళీ వాడుకోకుండా, పరికరంలోనే రహస్యలిపి కూర్చే ఏర్పాటు ఉండవలెనని 2017 నుంచి నిబంధన వచ్చింది. కనుకనే ఆ పరికరం ధ్రువీకరణ పొందినదై, వేలికొన ఆనడానికి చాలినంత పలకతో, విడిగా ఉండవలసి వచ్చింది. ఇందాక చెప్పిన నాలుగు కారణాలలో శరీరమూ, నమ్మకమూ రెండూ ఇక్కడ కలిశాయి.

ఇక మన ప్రాంతపు అసలు సమస్యకు వద్దాం. వేలిముద్ర తీసే పరికరంలో ఒక గాజు పలక ఉంటుంది. కిందినుంచి వెలుతురు వచ్చి పలకకు తగిలి వెనుకకు మళ్ళుతుంది. వేలిమీది గట్లు పలకకు అంటుకొన్నచోట వెలుగు మళ్ళే తీరు మారుతుంది. గట్ల నడుమ పల్లాలలో గాలి ఉంటుంది కనుక అక్కడ మారదు. ఆ తేడాయే ముద్ర. చర్మం ఎండిపోయినా, గట్లు అరిగిపోయినా ఆ తేడా మసకబారుతుంది. ముప్ఫయి సంవత్సరాలు పార, తట్ట, ఇనుప దిమ్మెలు పట్టిన చేతులను తలచుకోండి. దానికి వార్ధక్యం తోడైతే చెప్పనక్కరలేదు. ఏ చేతులు బొగ్గు తవ్వి దేశానికి వెలుగు ఇచ్చినవో, ఆ చేతులనే యంత్రం గుర్తుపట్టలేకపోవడం కంటె విపరీతం మరొకటి ఉంటుందా?

బొగ్గుగని కార్మికుల పింఛను పథకం 1998లో అమలులోకి వచ్చింది. పింఛను పొందేవారు తాము బ్రతికి ఉన్నామని ఏడాదికొకసారి నిరూపించుకోవాలి. పూర్వం ఇందుకు అధికారి ఎదుట నిలబడి కాగితం మీద సంతకం చేయించుకొనేవారు. 2014 నవంబరు 10న కేంద్రప్రభుత్వం జీవన్ ప్రమాణ్ అనే పద్ధతిని ప్రారంభించింది. ఫోనుకు వేలిముద్ర పరికరం తగిలించి, ఉన్న ఊరినుంచే ఆ నిరూపణ పంపవచ్చు. కొడుకు హైదరాబాదులోనో, కూతురు మరొక రాష్ట్రంలోనో ఉంటే వారివద్ద ఉన్న వృద్ధులకు ఇది పెద్ద ఉపకారం. కాని అరిగిన వేళ్ళవారికి అదే పెద్ద గండం. 2021 నవంబరు చివర ముఖాన్ని గుర్తించే పద్ధతి కూడా వచ్చింది. దీనికి వేరే పెట్టె అక్కరలేదు. ఫోనులో ఉన్న కెమెరాయే చాలు. గనికార్మికుని నడుము బ్యాటరీ దీపంలో కలిసిపోయినట్లే, వేలిముద్ర పెట్టె చేసే ఈ ఒక్క పని కెమెరాలో కలిసిపోయింది. అయినా మంచి ఫోను, తగిన వెలుతురు, నిలకడైన సంకేతం, వాడడం తెలిసిన ఒక సహాయకుడు – ఈ నాలుగూ ఇంకా కావాలి. పెట్టె మాయమైనది గాని, ఒకరి మీద ఆధారపడడం మాయం కాలేదు.

కాబట్టి ఇంటిలో పింఛనుదారులు ఉన్నవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. వేలు పెట్టేముందు తడిబట్టతో చేతిని తుడిచి, కొంచెం తడి ఉండగానే పలక మీద నొక్కకుండా ఆనించాలి. పలకను కూడా శుభ్రమైన బట్టతో తుడవమని అడగవచ్చు. బొటనవేలు కుదరకపోతే తక్కిన వేళ్ళను ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించాలి. ఎన్నో ఏళ్ళ కిందట ఇచ్చిన ముద్రలైతే ఆధార్ కేంద్రంలో మళ్ళీ నమోదు చేయించుకోవడం మంచిది. ఏ యంత్రమూ పలుకకపోతే పాత పద్ధతిలో బ్యాంకు అధికారి ధ్రువీకరించిన కాగితం ఇచ్చే మార్గం ఉన్నది. యంత్రం కాదన్నది కనుక నీవు బ్రతికి లేవు అనే హక్కు ఎవరికీ లేదు.

మరొక జాగ్రత్త. ఇతరుల పెట్టె మీద వేలు పెట్టడమంటే తెల్లకాగితం మీద సంతకం పెట్టడం వంటిది. ఏ పనికి వేలు పెడుతున్నామో, ఎంత సొమ్ముకు పెడుతున్నామో ముందే అడగాలి. ఒకసారి అయిన తరువాత “పడలేదు, మళ్ళీ పెట్టు” అంటే ఖాతాలో ఏమి జరిగిందో చూసుకొన్న తరువాతనే మళ్ళీ పెట్టాలి. అవసరం లేనప్పుడు ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకొనే ఏర్పాటు కూడా ఉన్నది. చదువుకొన్న పిల్లలు ఇంట్లో పెద్దలకు ఈ సాయం చేయవచ్చు. రశీదు తప్పక తీసుకోవాలి. ఆ కాగితం మీద సిరా ఉండదు. వేడికి నల్లబడే పూత ఉంటుంది. మన ప్రాంతపు ఎండలో అది త్వరగా పాడవుతుంది కనుక ముఖ్యమైన అంకెలను వేరే పుస్తకంలో వ్రాసి ఉంచుకోవడం మేలు.

పవర్ బ్యాంకు విషయంలో కూడా కొంత లెక్క తెలిసి ఉండాలి. పదివేల అంకె వేసిన పవర్ బ్యాంకు అయిదువేల అంకె గల ఫోనును సరిగ్గా రెండుమార్లు నింపుతుందని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. లోపలి బ్యాటరీ సుమారు 3.7 వోల్టులది, బయటికి వచ్చేది 5 వోల్టులు. వోల్టులు పెరిగితే నిలువ లెక్క ఆ మేరకు తగ్గుతుంది. పదివేలు అక్కడ ఏడువేల నాలుగువందలు అవుతుంది. మార్పిడిలో వేడి రూపంగా పోయేది కూడా తీసివేస్తే ఇంకా తగ్గుతుంది. దుకాణదారు మోసగించాడని అనుకోనవసరం లేదు. ప్రకృతి తన సుంకం తాను తీసుకొన్నది. అయితే తూకానికి తేలికగా ఉండి, చవకగా వచ్చి, పెద్ద అంకె వేసుకొన్న దానిని నమ్మరాదు. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నవా అని చూడాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండలో దీనిని మోటారు సైకిలు పెట్టెలోగాని, మూసిన కారులోగాని వదలరాదు. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడరాదు. మామూలు ఫోనును, పవర్ బ్యాంకును భూగర్భ గనిలోకి తీసుకొనిపోరాదని కార్మికులకు తెలిసినదే. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా మీథేను చేరినచోట ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ వాడే పరికరాలు రవ్వ పుట్టకుండా ప్రత్యేకంగా నిర్మించి, పరీక్షించినవి. వాటి బరువుకు ఆ భద్రత కూడా ఒక కారణం.

రేడియో శ్రోతలకు సంబంధించిన అనుబంధం ఒకటి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. ఫోనులో ఎఫ్.ఎం. వినడానికి ఇయర్‌ఫోను తీగ తగిలించమని అది ఎందుకు అడుగుతుందో చాలామందికి తెలియదు. ఆ తీగ చెవికి పాట చేర్చడమే కాక ఆకాశం నుంచి సంకేతాన్ని పట్టే ఏరియల్ పని కూడా చేస్తుంది. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు. దానిని పట్టడానికి అందులో నాలుగవ వంతు, అనగా ముప్పాతిక మీటరు పొడవు తీగ బాగా అనుకూలిస్తుంది. ఫోను అంత పొడవు ఉండదు గదా! పూర్వం మన ఇంటి కప్పు మీద కట్టిన ఏరియల్ తీగకు ఇది మనుమరాలు. తీగ పెట్టే రంధ్రమే లేని ఫోనులు వచ్చిన తరువాత ఈ సౌకర్యం చాలా ఫోనులలో పోయింది. ఫోనులలో ఎఫ్.ఎం. రేడియో ఉండేటట్లు చూడవలసిందిగా కేంద్రప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తయారీదారులకు సూచించింది. తుఫాను, వరద వచ్చి ఫోను సంకేతాలు తెగిపోయినప్పుడు కూడా రేడియో పలుకుతుందన్నది అందుకు ముఖ్యకారణం. గోదావరి ఒడ్డున ఉన్నవారికి దీని విలువ వివరించనక్కరలేదు.

2016లో పెద్ద సంస్థలు ఫోనును ముక్కలుగా విడదీసి, కావలసిన ముక్క తగిలించుకొనేటట్లు చేయాలని మరొకసారి ప్రయత్నించాయి. ఎల్.జి., మోటొరోలా సంస్థలు అటువంటి ఫోనులను విడుదల చేశాయి. గూగుల్ తలపెట్టిన ఆరా ప్రణాళిక ఆ సంవత్సరమే ఆగిపోయింది. ఏటేటా ఫోను ఆకారం మారిపోతుంటే పాత ముక్క కొత్త ఫోనుకు అతకదు. ఒకరి తాళంచెవి మరొకరి తాళానికి పట్టనట్లే, ఆ ముక్కలు ఆ సంస్థ ఫోనులకే పరిమితమైనాయి. దీనినుంచి మనం నేర్చుకోవలసినది ఒకటి. అనుబంధ పరికరం నిలవాలంటే అతుకు అందరిదీ కావాలి. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోనులన్నిటికీ ఒకే రకం సి-టైపు రంధ్రం ఉండవలెనని శాసించడం వెనుక ఈ వివేకమే ఉన్నది. మనం కొత్త పరికరం కొనేటప్పుడు కూడా, ఒకే సంస్థ ఫోనుకు పట్టేదాని కంటె అందరి ఫోనులకూ పట్టేదానినే ఎంచుకోవడం లాభం.

సరంజామా లావుగా ఉన్నదంటే ఆ విద్య ఇంకా పండలేదని అర్థం. విద్య పండేలోపల ఆ బరువును ఎవరో ఒకరు మోయాలి. బాయిలో దానిని కార్మికుడు నడుముకు కట్టుకొన్నాడు. ఈనాడు పింఛను దగ్గర దానిని వృద్ధుడు తన అరిగిన వేళ్ళతో మోస్తున్నాడు. యంత్రం తయారుచేసేవారు దానిని సన్నగా చేయడానికి శ్రమిస్తున్నారు. దానితో ప్రజలకు పని చేసిపెట్టేవారు, యంత్రం తడబడిన చోట కాగితమూ, కలమూ, కాస్త ఓర్పూ దగ్గర ఉంచుకోవాలి. అవి కూడా అనుబంధ పరికరాలే; వాటికి చార్జింగు అక్కరలేదు.